ఏడేళ్ల పాపకి అంగిలిలో ఎక్స్‌పాండర్ ఇప్పుడే పెట్టించాలా? కొత్త పళ్లకి చోటు లేదంటున్నారు

చిట్టిజడ

అందరికీ నమస్కారం. మా పాపకి పోయిన నెల ఏడు నిండాయి. కింద ముందు పళ్లు రెండూ పాలపళ్లు ఊడకముందే వాటి వెనక నుంచి వచ్చేశాయి. ఒక నెల రోజులు రెండు వరసలు కనిపించాయి, అప్పుడే నాకు భయం పట్టుకుంది. తర్వాత పాలపళ్లు వాటంతటవే ఊడాయి, కొత్తవి కాస్త ముందుకి కూడా జరిగాయి. కానీ ఇప్పుడు వాటి పక్క పన్ను అడ్డంగా తిరిగి వస్తోంది, దాని పక్కనున్న పాలపన్ను దారి ఇవ్వట్లేదు. పిల్లల పళ్ల డాక్టరు చూసి, పళ్ల వరస సరిచేసే ఆర్థోడాంటిస్ట్ దగ్గరికి పంపారు. ఆయన ఐదు నిమిషాలు చూసి "చోటు లేదమ్మా, పై దవడ ఇరుకుగా ఉంది, ఎక్స్‌పాండర్ పెడదాం, ఎంత తొందరగా పెడితే అంత మంచిది" అన్నారు. అంగిలికి ఒక స్టీలు పరికరం అమర్చి, రోజూ ఇంట్లో మేమే కీ తిప్పాలట.

నాకు అర్థం కానిది ఏంటంటే, ఇరుకు కింద ఉంటే పరికరం పైన ఎందుకు? పన్నెండేళ్లకి పళ్లన్నీ వచ్చాక క్లిప్పులు వేయిస్తే సరిపోదా? దవడ ఎముకని తెరవడం అంటే దానికి ఎంత నొప్పి? మా ఆయన ఆగుదాం అంటున్నారు, మా అత్తగారు పళ్లు వాటంతటవే సర్దుకుంటాయి అంటున్నారు, నాకు మాత్రం టెన్షన్‌తో రెండు రోజులుగా నిద్ర లేదు. పిల్లలకి పెట్టించినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.

కిట్టు నాన్న

ముందు మీరు నిద్రపోండి అమ్మా, ఇది అంత భయపడే పని కాదు. మా వాడికి ఎనిమిదేళ్లప్పుడు పెట్టించాం. నాలుగు స్టీలు కాళ్లున్న సాలెపురుగులా ఉంటుంది, మధ్యలో చిన్న స్క్రూ, కాళ్లు వెనక దవడ పళ్లకి తొడిగిన రింగులకి అతికి ఉంటాయి. పెట్టేటప్పుడు నొప్పి లేదు. మొదటి మూడు నాలుగు రోజులు నోట్లోంచి చొంగ, మింగడానికి ఇబ్బంది, మాట ముద్దగా రావడం, ఇవే వాడిని ఎక్కువ విసిగించాయి.

తిప్పడం సంగతి చెప్తాను, ఎందుకంటే మొదటి రాత్రి నా చేతులు వణికాయి. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల అంచు మీదికి కాస్త వాలేలా పెట్టి, సెల్‌ఫోన్ లైటు మా ఆవిడ పట్టుకుంది. స్క్రూలో ముందు వైపు ఒక చిన్న రంధ్రం కనిపిస్తుంది. కీ మొన అందులో పెట్టి గొంతు వైపుకి మెల్లగా నెట్టాలి, వెనక్కి వెళ్లేకొద్దీ ముందు నుంచి తర్వాతి రంధ్రం పైకి వస్తుంది. అది పూర్తిగా కనిపించేదాకా నెట్టాలి, సగంలో ఆపకూడదు, ఆపితే రేపు కీ దూరదు. కీ బయటికి తీసేటప్పుడు మళ్లీ ముందుకి లాగేస్తే తిప్పింది కాస్తా వెనక్కి పోతుంది, కాబట్టి వెనక వైపు నుంచే కిందికి దించి తీయాలి. కీకి దారం కట్టి మణికట్టుకి చుట్టుకోండి, చేయి జారితే గొంతులోకి పోకుండా. తిప్పగానే వాడు ముక్కు దూలం దగ్గర, ముందు పళ్ల మధ్యలో బిగుతుగా ఉందనేవాడు, పది నిమిషాల్లో ఆడుకోవడానికి వెళ్లిపోయేవాడు.

నిదానం

నేను వేరేలా చెప్తాను, ఏమీ అనుకోకండి. ఇప్పుడు ఏ చిన్న పిల్లని తీసుకెళ్లినా ఏదో ఒక పరికరం పెట్టాలంటున్నారు. ఇదంతా కొత్త ఫ్యాషన్. మా పెద్దమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు కింద పళ్లు ఇలాగే ఒకదాని మీదికి ఒకటి వచ్చాయి, పైన ముందు పళ్ల మధ్య వేలు పట్టేంత సందు. ఏమీ చేయించలేదు. పన్నెండేళ్లకి ఒకేసారి క్లిప్పులు వేయించాం, ఏడాదిన్నరలో అయిపోయింది, పళ్లు చక్కగా ఉన్నాయి. ఏడేళ్లకి ఒకసారి, పన్నెండేళ్లకి మళ్లీ ఒకసారి ఎందుకు పిల్లని కష్టపెట్టడం? రెండో డాక్టరుకి చూపించకుండా ఒప్పుకోకండి.

పాలపన్ను

నేను పిల్లల పళ్ల డాక్టరుని. పాపని చూడకుండా ఏం చేయాలో చెప్పలేను గానీ చిట్టిజడ గారు అడిగిన ప్రశ్న చాలా సరైన ప్రశ్న, చాలామంది అడగరు, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

పాలపళ్లు 20. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా నోట్లో పాలపళ్లు, పెద్ద పళ్లు కలిసి ఉంటాయి. కొత్తగా వచ్చే ముందు పళ్లు పాలపళ్ల కన్నా వెడల్పు. పైన నాలుగూ కలిపి చూస్తే 7 మిల్లీమీటర్ల పైచిలుకు తేడా, కింద నాలుగింటికి 5 నుంచి 6. ఆ తేడా కొంత పాలపళ్ల మధ్య ఉండే సందుల్లోంచి, కొంత దవడ పెరుగుదల లోంచి భర్తీ కావాలి. పాలపళ్లు సందుల్లేకుండా ముత్యాల వరసలా ఉన్న పిల్లల్ని చూసి మనం మురిసిపోతాం గానీ, ఇరుకు వచ్చేది ఎక్కువగా వాళ్లకే. ఏడెనిమిదేళ్లప్పుడు కింద ముందు పళ్లలో ఒకటి రెండు మిల్లీమీటర్ల ఇరుకు మామూలే, చాలామందికి అది తగ్గుతుంది కూడా.

ఎలా తగ్గుతుందంటే, వెనక వైపు దానికి వ్యతిరేకంగా జరుగుతుంది. పాల దవడ పళ్లు, ముఖ్యంగా రెండోది, వాటి స్థానంలో వచ్చే పెద్ద పళ్ల కన్నా వెడల్పు. అవి పదకొండేళ్ల ప్రాంతంలో ఊడినప్పుడు కింద ఒక్కో పక్క సుమారు 2 మిల్లీమీటర్లు, పైన 1 మిల్లీమీటరు మిగులుతుంది. మనం ఏమీ చేయకపోతే ఆ చోటులోకి వెనకున్న ఆరేళ్ల పన్ను, అంటే ఆరేళ్లకి వచ్చే మొదటి పెద్ద దవడ పన్ను, ముందుకి జరిగి కూర్చుంటుంది. ఆ జరగడాన్ని ఆపితే ఆ చోటు ముందు పళ్లకి దక్కుతుంది. దానికి వాడేది కింద పళ్ల లోపలి వైపు ఆనుకుని ఉండే ఒక సన్నటి తీగ, లింగ్వల్ ఆర్చ్ అంటారు. కీ లేదు, స్క్రూ లేదు, రోజూ చేయాల్సిన పని లేదు. నా అనుభవంలో కొత్తగా చోటు సృష్టించడం కన్నా ఉన్న చోటు పోకుండా కాపాడటంతో బాగుపడిన పిల్లలే ఎక్కువ.

ఇక పై ఎక్స్‌పాండర్. పై దవడ రెండు ఎముకలు, మధ్యలో అంగిలి పొడవునా ఒక అతుకు ఉంటుంది. చిన్నప్పుడు అది మెత్తగా ఉంటుంది, పదిహేను పదహారేళ్లకి చాలామందిలో బిగుసుకుపోతుంది. ఎక్స్‌పాండర్ ఆ అతుకునే తెరుస్తుంది. కింద దవడలో అలాంటి అతుకు పుట్టిన ఏడాదిలోపే మూసుకుపోతుంది. అంటే కింద ఎముకని అలా వెడల్పు చేయడం కుదరదు, పళ్లని బయటికి వంచడమే అవుతుంది. పైన వెడల్పు చేస్తే కింద పళ్లు కొద్దిగా నిటారుగా లేస్తాయేమో గానీ, కింద ఇరుకు పోతుందని దాని కోసమే పైన పెట్టించడం సరైన కారణం కాదు. సరైన కారణం పై దవడ నిజంగా ఇరుకుగా ఉండటం. పై పళ్లు కింద పళ్లకి బయటి పక్కన కూర్చోవాలి, డబ్బా మీద మూతలాగా. ఒక పక్క మూత డబ్బా లోపలికి పోయి ఉంటే దాన్ని క్రాస్‌బైట్ అంటాం. చిట్టిజడ గారూ, మీ డాక్టరు క్రాస్‌బైట్ గురించి ఏమైనా చెప్పారా?

నిదానం గారూ, మీ అమ్మాయి పైపళ్ల మధ్య సందు ఆ వయసులో మామూలే, కోరపళ్లు దిగేసరికి మూసుకుంటుంది, ఏమీ చేయించకపోవడం మంచి నిర్ణయం. కానీ ఎక్స్‌పాండర్ కొత్త ఫ్యాషన్ కాదండీ. 1860లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏంజెల్ అనే డాక్టరు పద్నాలుగేళ్ల అమ్మాయి పై పళ్ల మధ్య స్క్రూ పెట్టి, కీ ఆ అమ్మాయి చేతికే ఇచ్చి రోజూ తిప్పుకోమన్నాడు. రెండు వారాల్లో ముందు పళ్ల మధ్య సందు వచ్చింది, ఎముక తెరుచుకుందని ఆయన రాశాడు. ఎక్స్‌రేలు లేని కాలం, తోటివాళ్లు నమ్మలేదు. ఆ పద్ధతిని మళ్లీ 1960ల్లో హాస్ అనే ఆర్థోడాంటిస్ట్ వాడుకలోకి తెచ్చాడు.

చిట్టిజడ

ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్ అండీ. క్రాస్‌బైట్ అనే మాటే ఆయన ఎత్తలేదు, లేక అన్నా నేను ఆ కంగారులో వినలేదేమో. ఈ రాత్రి పళ్లు తోమేటప్పుడు చూస్తాను. ఏం చూడాలో కొంచెం చెప్పండి.

పాలపన్ను

కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టండి. నోరు బాగా తెరిచి, మెల్లగా మూయమనండి. పళ్లు మొదటిసారి తగిలే క్షణం ఒకటి, పూర్తిగా కొరికిన క్షణం ఒకటి, ఈ రెండింటి మధ్య గడ్డం ఏ పక్కకైనా జరుగుతోందా చూడండి. మీ వేళ్లతో దవడ పట్టుకోకండి, తనంతట తనే మూయాలి. రెండు మూడు సార్లు చేయించండి, పిల్లలు మనం చూస్తున్నామంటే బిగుసుకుపోతారు.

గోరింట

ఉన్న చోటు కాపాడుకోవడం అన్న మాట చదివి నేను రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా బాబుకి ఆరున్నరేళ్లప్పుడు కింద కుడి పక్క రెండో పాల దవడ పన్ను పుచ్చిపోయింది. రాత్రంతా ఏడ్చాడు. దగ్గర్లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే పీకేశారు. "పాలపన్నే కదా, మళ్లీ వస్తుంది" అన్నారు. నేనూ అదే అనుకున్నాను, నొప్పి పోయింది కదా అని సంతోషపడ్డాను. ఆ చోటు ఖాళీగా ఉంచకూడదని, దానికి ఒక చిన్న రింగు లాంటిది పెడతారని నాకు ఎవరూ చెప్పలేదు. ఏడాదిన్నర తర్వాత వేరే పని మీద ఎక్స్‌రే తీస్తే, వెనకున్న ఆరేళ్ల పన్ను ఆ ఖాళీలోకి ఒరిగి వచ్చేసింది, దాని కింద ఎముకలో రావలసిన పెద్ద పన్ను బయటికి రావడానికి దారి లేకుండా ఇరుక్కుని ఉంది. ఆ ఎక్స్‌రే తెర మీద చూసినప్పుడు నాకు గొంతు పట్టేసింది. తలుపు మూసేస్తే లోపల ఉండిపోయిన పిల్లాడిలా ఉంది ఆ పన్ను.

ఇప్పుడు వాడికి పదకొండు. ఒరిగిన పన్నుని వెనక్కి నెట్టడానికి ముందు ఒక పరికరం, తర్వాత క్లిప్పులు, ఇంకా ఏడాది పడుతుందట. ఆ రోజు ఒక్క రింగు పెట్టి ఉంటే ఇదంతా లేదు. కాబట్టి పాలపన్ను పీకించేముందు దయచేసి ప్రతి ఒక్కరూ అడగండి, ఆ చోటుని ఏం చేద్దాం అని.

పాలపన్ను

గోరింట గారూ, మీ తప్పు కాదండీ, చెప్పాల్సినవాళ్లు చెప్పాలి.

ఊడిన పన్ను చోటు పోకుండా కాపాడే స్పేస్ మెయింటెయినర్ గురించి నాలుగు మాటలు. ఒక్క దవడ పన్ను పోతే వెనక పన్నుకి రింగు తొడిగి, దాని నుంచి ముందు పన్నుకి ఆనేలా ఒక తీగ వంపు వస్తుంది, దాన్ని బ్యాండ్ అండ్ లూప్ అంటారు. ఆ వంపు లోపల ఖాళీగా ఉంటుంది, కొత్త పన్ను అందులోంచే పైకి వస్తుంది. రెండు పక్కలా పళ్లు పోతే కింద లింగ్వల్ ఆర్చ్, పైన అంగిలికి చిన్న బటన్ ఆనేలా ఉండే నాన్స్ అనే పరికరం. ఆరేళ్ల పన్ను ఇంకా బయటికి రాకముందే రెండో పాల దవడ పన్ను పోతే వ్యవహారం కష్టం, ఆనించడానికి వెనక ఏమీ ఉండదు, అందుకే ఆ వయసులో ఆ పన్నుని వీలైనంత వరకు పంటి వేరుకి వైద్యం చేసి, పైన క్యాప్ వేసి బతికించడానికే చూస్తాం. నిజానికి పాలపన్నుని మించిన స్పేస్ మెయింటెయినర్ లేదు.

అందరికీ అవసరం ఉండదు కూడా. కొత్త పన్ను ఎముక పైకి వచ్చేసి, ఇంకో కొద్ది నెలల్లో దిగేలా ఉంటే ఏమీ పెట్టక్కర్లేదు. ముందు పాలపన్ను దెబ్బతగిలి పోతే సాధారణంగా చోటు పోదు. పెట్టించుకున్నాక మర్చిపోయేవాళ్లు ఎక్కువ, అది ఇంకో సమస్య. రింగు కింద సిమెంట్ కరిగిపోతే అక్కడ పన్ను పుచ్చుతుంది. కొత్త పన్ను వస్తున్నా తీగ తీయకపోతే అదే అడ్డం అవుతుంది. ఆరు నెలలకి ఒకసారైనా చూపించాలి.

చిట్టిజడ

చూశాను. ఎలా చెప్పాలో తెలియట్లేదు, ఇన్నాళ్లూ నా కళ్ల ముందే ఉన్నది నాకు కనిపించలేదు.

నోరు తెరిచి మెల్లగా మూయమన్నాను. పళ్లు తగిలే దాకా గడ్డం నిటారుగానే ఉంది. "ఇప్పుడు గట్టిగా కొరుకు" అనగానే కింది దవడ మొత్తం ఎడమ పక్కకి జరిగింది. ఎంతో కాదు, ఒక బియ్యపు గింజ మందం. మూడుసార్లు చేయించాను, మూడుసార్లూ ఎడమకే. పెదవి పక్కకి లాగి చూస్తే కుడి పక్క పై పళ్లు మీరు చెప్పినట్టు మూతలా బయటికి ఉన్నాయి, ఎడమ పక్క మాత్రం పై పళ్లు కింద పళ్లకి లోపలికి పోయి ఉన్నాయి. తర్వాత పాత ఫోటోలు తిరగేశాను. నాలుగేళ్లప్పటి ఫోటోలో నవ్వుతుంటే గడ్డం ఎడమకి ఒరిగి ఉంది. అది దాని నవ్వే తీరు అనుకుని ముద్దుపెట్టుకునేవాళ్లం.

పాలపన్ను

మీరు చూసింది చాలా ముఖ్యమైన విషయం. పై దవడ రెండు పక్కలా ఇరుకుగా ఉన్నప్పుడు పళ్లు అంచుల మీద ఢీకొంటాయి, అది ఇబ్బందిగా ఉండి పిల్లలు తెలియకుండానే దవడని ఒక పక్కకి జరిపి సుఖంగా కొరుకుతారు. అందుకే క్రాస్‌బైట్ ఒక్క ఎడమ పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది, ఇరుకు మాత్రం రెండు పక్కలా ఉంటుంది. ఏళ్ల తరబడి అలా పక్కకి కొరుకుతుంటే ఎదిగే దవడ కూడా ఆ పక్కకే ఒరిగి పెరగవచ్చు. ఇలా జరిగే క్రాస్‌బైట్‌ని పన్నెండేళ్ల దాకా వదిలేయమని చెప్పే ఆర్థోడాంటిస్టులు చాలా తక్కువ. అంటే మీ డాక్టరు చెప్పిన పరికరం సరైనదే అయి ఉండొచ్చు, చెప్పిన కారణమే మీకు సగం చేరింది.

ఇప్పుడు వెళ్లి మూడు విషయాలు అడగండి. క్రాస్‌బైట్ కోసమే కదా పెడుతున్నది, ఎన్ని మిల్లీమీటర్లు తెరవాలి అనుకుంటున్నారు. పళ్లన్నీ కనిపించే ఓపీజీ ఎక్స్‌రేలో కింద పెద్ద పళ్లన్నీ ఉన్నాయా, ఏదైనా పుట్టకుండా పోయిందా. కింద ఇరుకు సంగతి వేరేగా ఎప్పుడు చూస్తారు. పైన వెడల్పు చేస్తే చోటు ఎంత వస్తుందో కూడా తెలుసుకోండి. కోరపళ్ల వెనక పళ్ల దగ్గర 5 మిల్లీమీటర్లు వెడల్పు చేస్తే పై వరసకి దొరికేది అందులో పదింట ఏడు వంతులు, అంటే మూడున్నర మిల్లీమీటర్ల దాకా. అది పైనే, కింద కాదు.

నిదానం

చిట్టిజడ గారూ, మీరు రాసింది చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, మీ పాపకి ఆగమని చెప్పడం తప్పే అయ్యేది. కానీ పాలపన్ను గారిని ఒకటి అడగాలి. క్రాస్‌బైట్ లేని పిల్లలకి కూడా ఏడెనిమిదేళ్లకే పెట్టేస్తున్నారు, పై పళ్లు ముందుకి ఉన్నాయని కూడా పెట్టేస్తున్నారు. అవన్నీ అవసరమేనా? మా చిన్నవాడికి ఎత్తుపళ్లు, వాడికి తొమ్మిది.

పాలపన్ను

కాదండీ, అన్నీ అవసరం కాదు. కొద్దిపాటి ఇరుకు తప్ప ఇంకేమీ లేని పిల్లకి ఎక్స్‌పాండర్ పెట్టమంటే నేనైతే ఇంకొకరి అభిప్రాయం అడుగుతాను. ఎత్తుపళ్ల విషయంలో మంచి పరిశోధనలే ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ అనే సంస్థ సమీక్షలో తేలింది ఏంటంటే, ముందే ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి వైద్యం చేసినవాళ్లకీ, పెద్దయ్యాక ఒకేసారి చేసినవాళ్లకీ చివరికి పళ్లు ఒకేలా కుదిరాయి. ముందు చేసినందుకు దక్కిన లాభం ఒక్కటే, పడినప్పుడు ముందు పళ్లు విరగడం తగ్గింది. కాబట్టి మీ చిన్నవాడు బాగా గెంతే పిల్లాడై, పళ్లు పెదవి బయటికి ఉండి, ఇప్పటికే ఒకసారి దెబ్బ తగిలి ఉంటే ముందే చేయించడంలో అర్థం ఉంది. తోటి పిల్లలు ఏడిపించి వాడు నవ్వడం మానేస్తే అది కూడా కారణమే. లేకపోతే ఆగొచ్చు. అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం ఏడేళ్లకి ఒకసారి చూపించమంటుంది, చూపించమనడం వేరు, వెంటనే పరికరం పెట్టించమనడం వేరు.

ఒకటి మాత్రం మర్చిపోకండి. తొమ్మిది, పదేళ్లకి పై కోరపన్ను ఉబ్బు చిగురు మీద వేలికి తగలాలి. తగలకపోతే, లేదా ఒక పక్కే తగిలితే ఎక్స్‌రే తీయించండి. దారి తప్పిన కోరపన్ను ఆ వయసులో దొరికితే చాలాసార్లు పాల కోరపన్ను తీసేస్తే సరిపోతుంది.

రెండోవరస

నేను తల్లిని కాదు, తొమ్మిదేళ్లప్పుడు ఎక్స్‌పాండర్ పెట్టించుకున్న పిల్లని. ఇప్పుడు ముప్పై. పిల్లల వైపు నుంచి చెప్తాను.

నొప్పి నాకు గుర్తు లేదు. మాట గుర్తుంది. మన భాషలో ట, డ, ణ, ళ పలకాలంటే నాలుక మొన వెనక్కి మడిచి అంగిలికి తగిలించాలి, సరిగ్గా అక్కడే స్టీలు ఉంది. "కాళ్లు" అనబోతే ఏదో గాలి మాట వచ్చేది, "బడి" అనలేకపోయేదాన్ని. క్లాసులో టీచర్ పాఠం చదవమంటే లేవలేదు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా అమ్మ ఆ సాయంత్రం నుంచి రోజూ ఒక పేజీ పైకి చదివించింది, తనూ నాలుక మీద వేలు పెట్టుకుని నాతోపాటు చదివేది. వారంలో నాలుక దారి వెతుక్కుంది. చిట్టిజడ గారూ, టీచర్‌కి ముందే చెప్పండి, ఆ మొదటి వారం పాపని పైకి చదవమని అడగొద్దని.

రెండోది, తిన్నది అంగిలికీ పరికరానికీ మధ్య ఇరుక్కుంటుంది, బ్రష్ వెళ్లదు. సూది లేని సిరంజిలో నీళ్లు నింపి కొట్టేవాళ్లం.

మూడోది చెప్పడం కష్టంగా ఉంది. పరికరం తీశాక, తెరిచింది వెనక్కి పోకుండా పెట్టుకోమని తీసి పెట్టుకునే రిటైనర్ ఇచ్చారు. నేను బ్యాగ్‌లో పెట్టుకుని తిరిగాను, ఇంట్లో ఎవరూ గమనించలేదు. తెరిచిన వెడల్పులో కొంత వెనక్కి పోయింది. నాకు మళ్లీ క్లిప్పులు పడ్డాయి. పరికరం బిగించడం మీద పెట్టినంత శ్రద్ధ తీసిన తర్వాత కూడా పెట్టండి.

వానచినుకు

మా బాబు నోరు తెరుచుకుని నిద్రపోతాడు, గురక కూడా. ఎక్స్‌పాండర్ పెడితే గురక పోతుందని ఎక్కడో విన్నాను. నిజమేనా?

పాలపన్ను

అంగిలి అంటే నోటికి పైకప్పు, ముక్కుకి నేల. అది వెడల్పు అయితే ముక్కు లోపల కూడా కాస్త వెడల్పు అవుతుంది, కొందరు పిల్లలకి గాలి తేలిగ్గా ఆడుతుంది. కానీ గురక కోసమే ఎక్స్‌పాండర్ పెట్టించకండి. ముందు ముక్కు, చెవి, గొంతు డాక్టరుకి చూపించండి. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే గ్రంథులో, గొంతులోని టాన్సిల్సో పెద్దవై ఉంటే దాని వైద్యం వేరు.

చిట్టిజడ

ఐదు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను.

ఇంకొక ఆర్థోడాంటిస్ట్‌కి చూపించాం. ఆవిడ నేను చూసిందే చూసి, చెప్పకముందే "కొరికేటప్పుడు ఎడమకి జరుగుతోంది" అన్నారు. ఎక్స్‌రేలో కింద పళ్లన్నీ ఉన్నాయి. మూడు వారాల క్రితం పరికరం పెట్టారు. రోజుకి ఒక్కసారి తిప్పడం, ఒక్కో తిప్పుకి పావు మిల్లీమీటరు. నేను తిప్పలేకపోయాను, మా ఆయనే తిప్పుతున్నారు, ఆగుదాం అన్నాయనే ఇప్పుడు గోడ మీద కాగితం అంటించి రోజూ టిక్కు పెడుతున్నారు.

తొమ్మిదో రోజు పొద్దున పాప అద్దం ముందు నిలబడి "అమ్మా, నా పళ్లు విడిపోయాయి" అని కేక పెట్టింది. నిజంగానే పై ముందు పళ్ల మధ్య సందు. ముందురోజు లేదు. కిట్టు నాన్న గారు అప్పుడే "ముందు పళ్ల మధ్యలో బిగుతు" అని రాశారు గానీ సందు వస్తుందని నేను అనుకోలేదు. నిన్నటికి ఆ సందులోంచి నాలుక మొన కనిపిస్తోంది. డాక్టరు ఇదే కావాలి అన్నారు, ఎముక తెరుచుకుందనడానికి ఇదే గుర్తు అన్నారు. అయినా మనసు కుదుటపడట్లేదు. ఇది మూసుకుంటుందా నిజంగా?

కిట్టు నాన్న

మూసుకుంటుంది తల్లీ. మా వాడికి తిప్పడం ఆపిన రెండు వారాలకే దగ్గరికి రావడం మొదలైంది, మూడు నెలల్లో పూర్తిగా కలిశాయి, ఎవరూ ఏమీ చేయలేదు. చిగురు లోపల సాగిన నారలు పళ్లని వెనక్కి లాగుతాయట. రింగు ఎప్పుడైనా కదిలితే మాత్రం తిప్పకండి, ఫోన్ చేయండి. ఒక రోజు మర్చిపోతే మరుసటి రోజు రెండు తిప్పులు కలిపి తిప్పొద్దు, అడిగి చేయండి.

చిట్టిజడ

ఇంకో మూడు నెలలు గడిచాయి. సందు మూసుకుంది. ఇరవై నాలుగు తిప్పులతో ఆపేశారు, కావలసినదాని కన్నా కాస్త ఎక్కువే తెరిచారు, కొంత వెనక్కి వస్తుందని. తెరిచిన చోట కొత్త ఎముక నిండేదాకా పరికరం అలాగే ఉంచాలి, మొత్తం ఆరు నెలలు. పాప ఇప్పుడు కొరికితే గడ్డం నిటారుగా ఉంది. నేను రోజుకి నాలుగుసార్లు కొరికి చూపించమంటున్నాను, విసుక్కుంటోంది.

కింద పన్ను ఇంకా కొంచెం అడ్డంగానే ఉంది. డాక్టరు దాన్ని ఇప్పుడు ముట్టుకోనన్నారు. తొమ్మిదిన్నర, పదేళ్లప్పుడు, పాల దవడ పళ్లు ఊడకముందే కింద తీగ పెట్టి ఆ చోటు కాపాడదాం అన్నారు. పాలపన్ను గారు మొదటి రోజు రాసిన మాటలే. పెద్దయ్యాక క్లిప్పులు అవసరం పడవని మాత్రం ఆవిడ మాట ఇవ్వలేదు.

లేతాకు

ఈ చర్చ ఇప్పుడే చదివాను. మా బాబుకి ఆరేళ్ల ఎనిమిది నెలలు. కింద ఎడమ పక్క రెండో పాల దవడ పన్ను లోపలిదాకా పుచ్చిపోయింది, రేపు పొద్దున పీకేస్తామన్నారు. చోటు గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఏం చేయను?

గోరింట

ఇప్పుడే ఫోన్ చేయండి, పొద్దుటిదాకా ఆగకండి. ఆ పన్నుని బతికించే దారి ఉందా అని మొదట అడగండి. లేదంటే, పీకడం తప్పదంటే, వెనక ఆరేళ్ల పన్ను బయటికి వచ్చిందా, చోటుకి ఏం పెడతారు, ఎప్పుడు పెడతారు అని అడగండి. రాసుకుని అడగండి, అక్కడికి వెళ్లాక మనకి ఏమీ గుర్తుండదు.

లేతాకు

చేశాను. ఆరేళ్ల పన్ను సగం పైకి వచ్చింది, ఇంకో ఎక్స్‌రే తీసి పంటి వేరుకి వైద్యం కుదురుతుందేమో చూస్తామన్నారు. పీకాల్సి వస్తే ముందు కొలత తీసుకుని, రింగు సిద్ధం చేసుకున్నాకే పీకుతారట. రేపు పొద్దున పీకడం లేదు.